లోగొంతు

హైమవతి ఆ సంగతి కనిపెట్టిన రోజున ఆవిడ ధ్యాసంతా నడుం నొప్పి మీదే ఉంది.

విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక బట్టల దుకాణం పైఅంతస్తులో వాళ్ళ ఆఫీసు. హోటళ్ళకీ, ఆస్పత్రులకీ, ట్రావెల్స్ వాళ్ళకీ ఫోన్ వ్యవస్థలు అమర్చడం, వాటిలో వచ్చేపోయే కాల్స్ రికార్డయ్యే ఏర్పాటు చెయ్యడం వాళ్ళ పని. యజమాని బలరాం పట్నాయక్ ఊరంతా తిరిగి ఆర్డర్లు తెస్తాడు. లోపల కూర్చుని యంత్రాల సంగతి చూసేది హైమవతి.

కాల్ రికార్డు చెయ్యడానికి తోవలు చాలానే ఉన్నాయి. లైను బిల్డింగులోకి వచ్చేచోట పట్టుకోవచ్చు. అప్పుడు లోపల ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి మాట్లాడుకున్నది దొరకదు. కాల్స్‌ని పంచిపెట్టే పెట్టెలో పట్టుకోవచ్చు. రద్దీ పెరిగితే అక్కడ మాటలు తెగిపోతాయి. ఇక ఎవరి ఫోను దగ్గర వాళ్ళ గొంతు పట్టుకోవడం మరో తోవ. ఇందులో గొడవ ఎక్కువే గాని గొంతు కడిగినట్టు వస్తుంది. హైమవతి చాన్నాళ్ళుగా దీనిమీదే పడి ఉంది. హెడ్‌సెట్ మైకులోకి దూరే ఫ్యాను చప్పుడునీ, ఊపిరినీ, గుటకనీ ఏరి పక్కన పారేసే ప్రోగ్రాం ఒకటి రాసింది. ఆ రోజు పరీక్ష కోసం పట్నాయక్ తన గదిలోంచి ఫోన్ చేశాడు.

“ఎలా ఉన్నావమ్మా హైమవతీ?”

“బాగున్నానండీ.”

ప్రోగ్రాం మాటని ఒక పక్కకీ, చెత్తని ఒక పక్కకీ తోసింది. చెత్తలో మాట ముక్కలేమైనా పొరపాటున పోయాయేమోనని ఆవిడ దాన్ని పెద్దది చేసి విన్నది. అంతా గరగర. ఆ గరగరలోంచి, గోడ అవతల ఎవరో గొణిగినట్టు, తన గొంతే వినిపించింది: “నడుం విరిగిపోతోంది.”

ఆ మాట ఆవిడ అనలేదు. అనబోయి, యజమానితో ఎందుకులే అనుకుని మింగేసింది.

మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి చూస్తే విషయం అర్థమైంది. మనిషి ఒక మాట అనబోయి ఆగినప్పుడు నోరు ఆగుతుంది గాని గొంతు అంత తొందరగా ఆగదు. కండరానికి అప్పటికే కబురు వెళ్ళిపోయి ఉంటుంది. ఊపిరి ఆ మాట ఆకారంలోనే సన్నగా వణుకుతుంది. చెవికి అందని ఆ వణుకు పెదాల పక్కనున్న మైకుకి అందుతుంది. ఇన్నేళ్ళుగా అందరూ దాన్ని చెత్త కింద జమకట్టి పారేశారు.

పట్నాయక్ విని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “అంటే మనసులో ఉన్నదంతా వచ్చేస్తుందా?”

“అంతా రాదండీ. గొంతు దాకా వచ్చి వెనక్కి పోయిన మాటలే వస్తాయి.”

“అవే కదమ్మా కావలసినవి!” అన్నాడాయన. లోగొంతు అని పేరు కూడా ఆయనే పెట్టాడు.

మొదట కొన్నది ఊళ్ళోని ఒక ప్రైవేటు అంబులెన్స్ సంస్థ. ఆపదలో ఉన్నవాళ్ళు ఫోన్ చేస్తే విసుక్కునే ఆపరేటర్లెవరో తెలుసుకోవాలని వాళ్ళ కోరిక. ఆ సంస్థలోనే హైమవతి ఆడపడుచు సత్యవేణి ఫోన్ల దగ్గర పనిచేస్తుంది. మొగుడితో పొసగక విడిపోయి వచ్చి, అన్నావదినల దగ్గరే ఉంటోంది. కొత్త రికార్డింగు సంగతి ఆఫీసులో చెప్పిన రోజున ఆమె ఇంటికొచ్చి నవ్వింది.

“ఏటి వదినా, ఇంక మేం లోపల తిట్టుకోడానికి కూడా లేదా?”

“మాట గొంతు దాకా రానివ్వకు, సరిపోతుంది,” అంది హైమవతి కూడా నవ్వుతూ.

అలా అనడం తేలిక. మాట గొంతు దాకా రాకుండా పొద్దస్తమానం కాపలా కాయడం ఎంత చాకిరీయో ఆవిడకి ఇంట్లోనే తెలిసొచ్చింది. వేణి మొదట్లో ఆఫీసు కబుర్లు వంటింట్లో నిలబడి పూసగుచ్చినట్టు చెప్పేది. కొన్నాళ్ళకి అవి తగ్గాయి. తర్వాత కూర ఎలా ఉందని అడిగినా తల ఊపి ఊరుకోవడం మొదలెట్టింది. లోగొంతులో ఏదీ పడకుండా ఆపరేటర్లు లోపల్లోపల ఎక్కాలు చదువుకుంటున్నారట. విసుగుతోపాటు జాలి కూడా పోయిందని ఒకసారి అంది.

“ఫోన్లో ఏడుస్తుంటే అయ్యో అనిపించాలి కదా వదినా. అనిపించే లోపలే ఎక్కం మొదలైపోతోంది.”

హైమవతి భర్త జగన్నాథం టీవీ చూస్తూ ఆ మాట విన్నాడు. భార్యవైపు ఒకసారి చూసి మళ్ళీ టీవీ వైపు తిరిగాడు. ఆవిడ పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళింది. పాలింకా కాగనే లేదు.

ఒక మధ్యాహ్నం వేణి ఆఫీసు వదిలే వేళ కాకుండానే ఇంటికొచ్చేసింది. చెప్పులు కూడా విప్పకుండా మెట్లమీద కూర్చుంది. ఆ రోజు హైమవతికి సెలవు. బయటికొచ్చి పక్కన కూర్చుంది.

“ఏమయిందే?”

“ఒకాయన పోయాడు వదినా. జాలరిపేటలో. నేను లైన్లో ఉండగానే.”

“నీ తప్పేముంది అందులో?”

“బండి రాదని నాకు తెలుసు,” అంది వేణి. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మిగిలిన సంగతి హైమవతికి రెండోనాడు ఆఫీసులో తెలిసింది. అంబులెన్స్ సంస్థ విచారణ పెట్టింది. ఆ కాల్ తాలూకు లోగొంతు రికార్డు నిజమైనదేనని, యంత్రం చేసిన మనిషే వచ్చి చెప్పాలని అడిగింది. పట్నాయక్ ఆవిడ బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“మీ ఆడపడుచని నాకు ముందు తెలీదమ్మా. కావాలంటే నేను వెళ్తాను.”

“మీకేం అడుగుతారో తెలీదు. నేనే వెళ్తాను,” అని ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది.

మొదట పైగొంతులు. ఫోన్ చేసినవాడి పేరు మైలపల్లి పోలయ్య. వేట పడవల మీద పనిచేసే మనిషి.

“అమ్మా, మా అన్నియ్య గుండట్టుకుని పడిపోనాడమ్మా. ఊపిరాడ్డం నేదు. బేగి బండి పంపండి.”

“పంపుతున్నాను బాబూ. ఫోను పక్కన పెట్టి, రెండు చేతులూ ఆయన రొమ్ము మధ్యన పెట్టి గట్టిగా నొక్కండి. నేను లెక్కపెడతాను. మీరూ పెట్టండి. ఆపకండి.”

వేణి గొంతు స్థిరంగా ఉంది. హైమవతికి ఇంట్లో తెలిసిన గొంతు కాదది. పోలయ్య ఆయాసపడుతూ అంకెలు చెబుతున్నాడు. మధ్యమధ్య, “బండెక్కడుందమ్మా?”

“వస్తోంది బాబూ. దగ్గర్లోనే ఉంది.”

హైమవతి లోగొంతు తెరిచింది. అదే చోట, అదే ఊపిరి కింద, వేణి: “రాదు. జంక్షన్లో లారీ అడ్డం పడి బండి ఇరుక్కుపోయింది. ఆటోలో వేసుకుపో బాబూ. ఆసుపత్రి పక్కనే. ఆటోలో వేసుకుపో.” పోలయ్య అడిగిన ప్రతిసారీ పైన “వస్తోంది” అని, కింద “ఆటో” అని. చివరికి కిందిది ఒక్క మాటే అయిపోయింది. ఆటో, ఆటో అని ఎవరో తలుపు కొట్టినట్టు.

ఎందుకు చెప్పలేదో హైమవతికి తెలుసు. ఆపరేటర్ల బల్లల ముందు గోడకి అంటించిన నియమాల్లో అది ఒకటి. బండి ఆలస్యమని గాని, ఇంకే వాహనంలోనైనా వెళ్ళమని గాని చెప్పకూడదు. దారిలో ఏమైనా అయితే చెప్పిన సంస్థ మీదికి వస్తుంది.

ఆ సాయంత్రం జగన్నాథం దాపరికం లేకుండా అడిగాడు. “నువ్వు చేసిన యంత్రమే కదా హైమా. నమ్మడానికి లేదని చెప్పీ. నిన్ను కాదనేవాడెవడు?”

“అలా చెబితే వేణి బయటపడుతుంది. ఆ నియమం మాత్రం గోడమీదే ఉంటుంది. రేపు ఇంకొకడు పోతాడు.”

“రేపటి సంగతి నీకెందుకు? అది నా చెల్లెలు.”

“నాకు మాత్రం కాదా?” అంది ఆవిడ. కేకలేసేందుకు ఇద్దరికీ ఓపిక లేదు. అక్కడితో ఆగిపోయారు.

వేణికి సాయపడేది ఏమైనా దొరుకుతుందేమోనని హైమవతి ఆ కాల్‌ని మరోసారి మొదట్నుంచీ తవ్వింది. కొత్త ఆపరేటర్ల కాల్స్‌నే కాక, కష్టమైన కాల్స్‌ని కూడా సూపర్‌వైజర్ తన బల్ల దగ్గర్నుంచి చాటుగా వింటాడు. కావాలంటే అవతలివాళ్ళకి వినపడకుండా ఆపరేటర్ చెవిలో ఒక మాట చెప్పగలడు. ఆ కాల్ కూడా సూపర్‌వైజర్ ఫిలిప్ విన్నాడు. అతనికీ హెడ్‌సెట్ ఉంది. సంస్థవాళ్ళు అడగలేదు గాని అతని లోగొంతు కూడా రికార్డులో ఉంది. “ఆటో అని చెప్పమందునా… నా మీదికొస్తది… ప్రభువా, ఎవరైనా చెప్పండి.”

ఇది చాలు. ఇక్కడితో ఆపేసి ఉండవలసింది. కానీ పరిశోధన అలవాటైన చెయ్యి ఊరుకోదు. బయటినుంచి వచ్చే గొంతులోంచి లోగొంతు తీయడం కుదరదని ఆవిడే పట్నాయక్‌కి చెప్పింది. ఎవరి దగ్గరో ఉన్న మామూలు మొబైల్, మధ్యలో ఎన్నో చోట్ల నలిగి వచ్చే ధ్వని. కుదరదని చెప్పినా, ఎందుకు కుదరదో చూద్దామని తన కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం రాసుకుంది. పోలయ్య గొంతుని దానికి అప్పజెప్పి భోజనానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి తెరమీద ఒక సన్నటి గీత వణుకుతోంది.

“ఆటోలో ఏసుకుపోదునా? గుమ్మంలోనే ఉంది. ఆ యమ్మ వొత్తందంటంది. ఆగుదునా? ఎల్లిపోదునా?”

తర్వాత మళ్ళీ అంకెలు. తర్వాత ఇంకోసారి, “ఎల్లిపోదునా?” మళ్ళీ అంకెలు.

హైమవతి హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది. ముగ్గురు మనుషులు. ముగ్గురి గొంతుల్లోనూ ఒకే మాట. ఒక్కరు పైకి అని ఉంటే మిగిలిన ఇద్దరూ అవునని ఉండేవారు. ఇది వినిపిస్తే వేణి మీద ఉన్న బరువు సగానికి సగం దిగిపోతుంది. తోడబుట్టిన తమ్ముడే అనుకుని ఆగిపోయినప్పుడు, జీతానికి పనిచేసే పిల్లనేమంటారు? ఆ మాట సంస్థవాళ్ళకి కూడా పండగే. చూడండి, మీరే అనుకుని కూడా తీసుకెళ్ళలేదు కదా అని పోలయ్య మొహం మీదే అనొచ్చు.

విచారణ సంస్థ ఆఫీసులో, పొడుగాటి బల్ల ఉన్న గదిలో జరిగింది. నడిపించినవాడు చంద్రమౌళి, అక్కడ అన్నిటికీ పెద్ద. వేణి ఒక పక్క, ఫిలిప్ ఒక పక్క కూర్చున్నారు. బల్ల చివర, ఏసీ చలికి చేతులు ముడుచుకుని, ఉతికిన తెల్లచొక్కా తొడుక్కున్న మనిషి కూర్చున్నాడు. పరిచయం చెయ్యకుండానే అతను పోలయ్య అని హైమవతికి తెలిసింది. తప్పు చేసిన మనిషిని చూపించి, శిక్షించామని చెప్పి పంపేస్తే కోర్టుకి పోడని వాళ్ళ ఆలోచన.

వేణి లోగొంతు గదిలో మోగింది. వేణి బల్ల చెక్కని చూస్తూ కూర్చుంది.

“ఇది మీ యంత్రం సరిగ్గా పట్టిన మాటేనా?” అన్నాడు చంద్రమౌళి.

“సరిగ్గానే పట్టింది.”

“అంటే ఈవిడకి తెలుసు. తెలిసి చెప్పలేదు.”

“తెలుసు. ఇంకొకరికి కూడా తెలుసు,” అని హైమవతి ఫిలిప్ రికార్డు పెట్టింది.

ఫిలిప్ ముఖాన్ని అరచేతుల్లో పెట్టుకున్నాడు. చంద్రమౌళి ఆపమని చెయ్యెత్తాడు గాని అప్పటికే అది అయిపోయింది.

“అది మేం అడగలేదండీ.”

“మీరు అడిగింది నిజమా కాదా అని కదా. సగం చూపించి నిజమని నేనెలా చెప్పను? ఇద్దరి నోరూ కట్టేసింది మీ గోడమీద అంటించిన కాయితం. దానికి లోగొంతు లేదు, అందుకని దొరకలేదు.”

అప్పుడు బల్ల చివర్నుంచి పోలయ్య గొంతు సవరించుకున్నాడు.

“అమ్మా, ఒకటడుగుతాను. ఫోన్లో నాను లోపలనుకున్నవి కూడా అందులో పడతాయా?”

హైమవతి అతనివైపు తిరిగింది. కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి.

“ఎందుకు బాబూ?”

“ఆటో మా గుమ్మంలోనే ఉంది తల్లీ. మా బావమరిదిది. ఆ వేళ నాకది అనిపించిందో, అనిపించనేదో గేపకం రాటం నేదు. అనుకుని ఊరుకున్నానా, అసలనుకోనేలేదా? రోజూ అదే. మా వొదిన నాకేసి సూత్తే సాలు, అదే అడుగుతున్నాదేమో అనిపిత్తాది. మీ పెట్లో ఉంటే సెప్పీండి. ఏదైనా పరవానేదు.”

చంద్రమౌళి కూడా ముందుకి వంగాడు. వేణి మొదటిసారి తలెత్తి వదినవైపు చూసింది.

ఏదైనా పరవాలేదని అడిగే మనిషికి ఏదైనా చెప్పడానికి వీల్లేదు. ఇన్నాళ్ళూ తను పట్టుకున్నది నిజమనే హైమవతి అనుకుంది. ఇప్పుడు అతని చేతుల వైపు చూస్తే అలా అనిపించలేదు. ఆ వేళ ఆ చేతులు ఆగకుండా అన్న రొమ్ము నొక్కుతూనే ఉన్నాయి. గొంతులో వచ్చి పోయిన మాట ఒకటైతే, ఆ మనిషి చేసిన పని ఇంకొకటి. రెండింటిలో ఏది అతనో చెప్పడానికి ఆవిడ దగ్గర యంత్రమేదీ లేదు.

“లేదు బాబూ,” అంది. “బయటినుంచి ఫోన్లో వచ్చే గొంతుకి ఇది పనిచెయ్యదు. హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్ళవే దొరుకుతాయి.”

“ఏటీ నేదా?”

“మీరు లెక్కపెట్టడం ఉంది. చివరిదాకా పెట్టారు. ఒక్కచోట కూడా ఆపలేదు. అదే విన్నాను.”

పోలయ్య తల ఊపాడు. ఒకసారి ఆపి, మళ్ళీ ఊపాడు. చొక్కా చేత్తో మొహం తుడుచుకుని, “వొత్తానమ్మా” అని లేచి, వేణి కూర్చున్న కుర్చీ దగ్గర క్షణం నిలబడ్డాడు. ఏదో అంటాడనుకున్నారంతా. ఏమీ అనకుండానే వెళ్ళిపోయాడు.

వేణిని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. ఫోన్ల దగ్గర్నుంచి మార్చి లోపల వేరే పనిలో కూర్చోబెట్టారు. ఫిలిప్‌ని ఇంకో ఊరు పంపించారు. గోడమీది నియమాల కాయితం తీసేసి కొత్తది అంటించారు. బండి ఆలస్యమయ్యేలా ఉంటే ఆ మాట ఫోన్ చేసినవాళ్ళకి చెప్పాలని అందులో ఒక వాక్యం చేరింది. ఎవరి వల్ల చేరిందో ఎవరూ చెప్పుకోలేదు. లోగొంతుని మాత్రం సంస్థ వెంటనే తీయించేసింది. సూపర్‌వైజర్ల దాకా వచ్చినది రేపు తమ దాకా కూడా వస్తుందని పెద్దలకి అర్థమైనట్టుంది.

పట్నాయక్‌కి దిగులు లేదు. బ్యాంకులవాళ్ళు, హోటళ్ళవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ఒకరోజు ఆయన ఆవిడ బల్ల దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు.

“ఫోన్ చేసే కస్టమర్ లోగొంతు కూడా తీయగలమా అని అందరిదీ ఒకటే ప్రశ్న. ఒకసారి ప్రయత్నించి చూడరాదమ్మా?”

“ప్రయత్నించానండీ. రాలేదు.”

ఆయన ఆవిడ మొహం కేసి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, “నువ్వు కాకపోతే ఇంకెవరో చేస్తారు,” అన్నాడు మెల్లగా.

“చెయ్యనివ్వండి.”

ఆ ప్రోగ్రాంనీ, పోలయ్య గొంతులోంచి తీసిన ఆ సన్నటి గీతనీ ఆవిడ అప్పటికే చెరిపేసింది. చెరిపేటప్పుడు గొప్ప పని చేస్తున్నట్టేమీ అనిపించలేదు. ఎంగిలి గిన్నె కడిగి బోర్లించినట్టు అనిపించింది, అంతే. ఆ నెలాఖరుకి ఆవిడ లోగొంతు పని వదిలేసి, మళ్ళీ హోటళ్ళకి మామూలు ఫోన్లు బిగించే పనిలోకి మారింది. జీతం తగ్గింది. నడుం నొప్పి తగ్గలేదు.

వేణి మాట్లాడడం మళ్ళీ మొదలెట్టింది గాని, అన్ని మాటలూ తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి. ఒక సాయంత్రం ఇద్దరూ వంటింట్లో కింద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. కిటికీలోంచి ఉప్పుగాలి జిడ్డుగా కొడుతోంది.

“వదినా, ఒకటి చెప్తాను. తిట్టకు.”

“చెప్పు.”

“ఆ పోలయ్య కూడా ఆటో అనుకుని ఉంటే బాగుణ్ణని అనిపిస్తుంది నాకు. అనుకుని ఆగిపోయాడని తెలిస్తే కొంచెం ఊపిరాడుతుంది. నేనొక్కదాన్నే కాదని. అన్న పోయినవాడి గురించి ఇలా అనుకుంటున్నాను. ఎంత పాపిష్టిదాన్నో చూడు.”

హైమవతి చేతిలో కాయ ఆగిపోయింది. చెప్పేస్తే ఈ పిల్ల ఈ రాత్రి నిద్రపోతుంది. మంచిది, జాలిగుండెది. అందుకనే ఏదో ఒక రోజు జాలరిపేట వెళ్ళి, ఓదార్పుగానే, ఆ మనిషికి చెప్పేస్తుంది. మీరూ అనుకున్నారట, నేనూ అనుకున్నాను, బాధపడకండి అంటుంది. ఆ తర్వాత అతను వాళ్ళ వదిన మొహం చూడలేడు.

అనుకున్నాడే, అతనూ అనుకున్నాడు అన్న మాట హైమవతి పళ్ళ దాకా వచ్చింది. గొంతు కదిలింది. ఆవిడ గుటక వేసింది.

“పాపిష్టిదానివేం కాదు,” అంది. “అలిసిపోయావు. చేతులు కడుక్కుని రా, మీ అన్నయ్య కూడా వచ్చే వేళయింది, అన్నం తిందాం.”

వేణి చిక్కుడుకాయల పళ్ళెం తీసుకుని లేచింది.